మళ్లీ బిడ్డ ఎప్పుడు కావాలమ్మా?

గర్భం రాకుండా కాన్పు గదిలోనే వేయగల కాపర్-టి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ కూడా దేశంలోకి అడుగుపెట్టింది. అయినా తెలుగు తల్లులకు తెలిసిన దారి ఇప్పటికీ ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఒక్కటే. ఛత్తీస్‌గఢ్ ఉక్కునగరం పక్కనున్న ఉతై మొదలుకొని ఉత్తరాంధ్ర పుట్టిళ్ల దాకా సాగే కథనం ఇది.

బిడ్డ బయటపడి ఏడవగానే కాన్పు గదిలో అందరి కళ్లూ అటే తిరుగుతాయి. ఆడా మగా, బరువెంత, బయట కూర్చున్న వాళ్లకు కబురెవరు చెబుతారు... ఈ హడావిడిలో తల్లి ఇంకా బల్ల మీదే ఉంటుంది. మాయ పడాలి. మాయ పడిన తర్వాతి పది నిమిషాలను వైద్యులు ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటారు. అప్పటికి గర్భసంచి బొడ్డు దాకా ఉంటుంది, దాని ద్వారం తెరుచుకునే ఉంటుంది. శిక్షణ పొందిన నర్సు ముందు చిరుగులేమైనా ఉన్నాయా, రక్తం అదుపులో ఉందా అని చూస్తుంది. తర్వాత పొడవాటి కెల్లీ ఫోర్సెప్స్ కొసన కాపర్-టిని పట్టుకుని, రెండో చేతిని తల్లి పొట్ట మీద ఆనించి, గర్భసంచి పైకప్పు చేతికి తగిలేదాకా తడుముతూ, దాన్ని అక్కడికి చేర్చి వదిలేస్తుంది. ఫోర్సెప్స్ వెనక్కి తీసేటప్పుడు కాపర్-టి దాని వెంట జారి రాకుండా చూసుకోవడమే పనితనం. మామూలు రోజుల్లో వాడే సన్నని గొట్టం అప్పటి గర్భసంచి లోతుకు చాలదు, అందుకే ఈ పొడవాటి పనిముట్టు. మత్తుమందు అక్కర్లేదు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. సిజేరియన్ అయితే కోత కుట్టేసే ముందు డాక్టరు చేత్తోనే పెట్టేస్తారు.

పది నిమిషాలు దాటినా 48 గంటల లోపు వేయవచ్చు. అదీ దాటితే ఆరు వారాలు ఆగాలి. ఆ ఆరు వారాల్లో తల్లి ఇంటికి వెళ్లిపోతుంది. పచ్చి బాలింత, చంటిబిడ్డ, నిద్రలేని రాత్రులు. మళ్లీ ఆస్పత్రికి తనకోసం తాను రావడం ఎంతమందికి కుదురుతుంది? బిడ్డ టీకాకు వస్తారు, తల్లి సంగతి ఎవరూ అడగరు. ఈలోగా శరీరం ఎవరికోసమూ ఆగదు. పాలివ్వని తల్లికి కాన్పయిన నాలుగో వారానికే అండం విడుదలయ్యే అవకాశం ఉంది. పాలిచ్చే తల్లికి కొంత రక్షణ ఉన్న మాట నిజమే. అయితే బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండాలి, తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, ముట్టు తిరిగి మొదలు కాకూడదు. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోతుంది. ముట్టే రాలేదు కదా అన్న ధీమాతో ఉండి, చంకలో తొమ్మిది నెలల బిడ్డతో మళ్లీ నెల తప్పిన తల్లులు మనకు తెలిసిన ఇళ్లలోనే ఉన్నారు. ఒక కాన్పు తర్వాత మళ్లీ కడుపు నిలవడానికి కనీసం రెండేళ్ల ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లి ఒంట్లో రక్తం పుంజుకోవాలన్నా, మలికాన్పు బిడ్డ నెలలు నిండి పుట్టాలన్నా ఆ ఎడం కావాలి.

ఉక్కునగరం పక్కన

ఆ ఎడం మన తల్లులకు ఎందుకు దొరకడం లేదో ఒక ఊరి నుంచి చూద్దాం. ఉతై దుర్గ్ జిల్లాలో ఒక నగర పంచాయతీ. భిలాయ్‌కి దక్షిణంగా పది కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. సీఐఎస్‌ఎఫ్ శిక్షణ కేంద్రం ఉన్న ఊరుగా బయటివాళ్లకు తెలుసు. చుట్టుపక్కల పల్లెలకు అక్కడి సామాజిక ఆరోగ్య కేంద్రమే దగ్గరి సర్కారు ఆస్పత్రి. భిలాయ్ సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్లు అక్కడికి పనికి వెళుతూనే ఉన్నారు. సెక్టార్ క్వార్టర్లలో, ఖుర్సీపార్ బస్తీల్లో మూడు తరాలుగా తెలుగు వినిపిస్తోంది. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది.

ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం ఉన్న ఇంటికి సెక్టార్ 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి ఉంది. కాంట్రాక్టు కూలీ ఇంటికి ఆ ధీమా లేదు. వాళ్లు సర్కారు ఆస్పత్రికో, అప్పుచేసి ప్రైవేటు నర్సింగ్‌హోంకో వెళతారు. ఒకే ఊళ్లో, ఒకే భాష మాట్లాడే రెండు ఇళ్లలో తల్లికి దొరికే వైద్యం ఇలా రెండు రకాలుగా ఉంటుంది.

దీనికి తోడు మన ఆచారం ఒకటుంది. తొలికాన్పు పుట్టింట్లో. ఏడో నెల సీమంతం కాగానే భిలాయ్ అమ్మాయి దుర్గ్‌లో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయనగరం వైపు వచ్చేస్తుంది. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ కూడా నడుస్తోంది, ప్రయాణం ఒక పగటిపూటలో అయిపోతోంది. ఇటు నుంచి అటు కోడలిగా వెళ్లిన ఉత్తరాంధ్ర పిల్లా కాన్పుకు ఇటే వస్తుంది. అమ్మ చేతి పత్యం, నూనె నలుగు, పురిటిస్నానం... ఇవన్నీ బాలింతకు కావలసినవే, ఆ ఆచారాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ ప్రయాణంలో ఆమె వైద్యం మూడు ముక్కలవుతుంది. గర్భిణిగా చూపించుకున్నది ఒక రాష్ట్రంలో. కాన్పు ఇంకో రాష్ట్రంలో, టెక్కలిలోనో పార్వతీపురంలోనో. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని తిరిగి వెళ్లేది మొదటి చోటికే. కాన్పు తర్వాత ఏం చేద్దామన్న మాట మొదటి చోట ఎత్తరు, ఎందుకంటే ఆమె ఎలాగూ పుట్టింటికి పోతుంది. రెండో చోట ఎత్తరు, ఎందుకంటే నొప్పులతో వచ్చిన మనిషితో అప్పుడేం మాట్లాడతారు? తిరిగి వెళ్లాక ఆమె తనకోసం ఆస్పత్రికి వెళ్లదు. ఎవరూ తప్పు చేయకుండానే ఒక తల్లి అందరి చేతుల్లోంచీ జారిపోయే తీరు ఇది.

ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ అనే ఊరి ఆరోగ్య కార్యకర్తలు 2002 నుంచీ ఉన్నారు. 2005లో దేశమంతటా ఆశా కార్యకర్తలు రావడానికి దారి చూపిన వాటిలో ఆ పథకం ఒకటి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను ఉచితంగా పరీక్షించే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ 2016 నుంచి అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. పలకరించే మనుషులున్నారు, కలుసుకునే రోజూ ఉంది. ఆ రోజున జరగాల్సిన సంభాషణే జరగడం లేదు.

తెలుగు నేలకు ఒక్కటే దారి ఎందుకైంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. దేశంలో పెళ్లయి, పిల్లల్ని కనే వయసులో ఉన్న మహిళల్లో ట్యూబెక్టమీ ఆపరేషన్ చేయించుకున్నవారు 37.9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 70 శాతానికి కాస్త తక్కువ. దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ. తెలంగాణలో 60 శాతం పైమాటే. కాపర్-టి దేశం మొత్తం మీద 2.1 శాతం మందికి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఒక శాతానికి కూడా చేరదు. మగవారి ఆపరేషన్ దేశంలో 0.3 శాతం. బాధ్యత ఎవరి ఒంటి మీద పడిందో చెప్పడానికి ఈ చివరి అంకె చాలు.

మన దగ్గర చాలామంది ఆడవాళ్లు పాతికేళ్లు నిండకముందే ఇద్దరు పిల్లల్ని కని, రెండో కాన్పులోనే ఆపరేషన్ కూడా అయిపోయి ఇంటికొస్తారు. "సిజేరియన్ ఎలాగూ చేస్తున్నాం, దాంతోపాటే అదీ చేసేద్దాం" అన్నది మన ఆస్పత్రుల్లో మామూలు మాట. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు కాబట్టి ఆ మాట వినేవాళ్లూ ఎక్కువే. ఆపరేషన్ కోరి చేయించుకున్న తల్లి నిర్ణయాన్ని ఎవరూ కాదనక్కర్లేదు. ఇక చాలు అనుకున్న మనిషికి అది మంచి పద్ధతే. కానీ ఇరవై రెండేళ్ల పిల్లకు ఇక చాలు అని తేల్చుకునే వయసేనా అది? ఆమె ముందు ఇంకో దారి పెట్టి చూపారా? తొలి బిడ్డకూ మలి బిడ్డకూ మధ్య ఎడం కోసం ఏ పద్ధతీ వాడకుండానే, వరసగా ఇద్దర్ని కనేసి, నేరుగా శాశ్వత పద్ధతికి పోవడం మన ప్రత్యేకత అయిపోయింది. ఇరవై రెండేళ్లకు రక్తహీనతతో నీరసించిన ఒళ్లు అక్కడి నుంచే వస్తుంది.

జీవితం మనం గీసిన గీత మీద నడవదు. 2004 సునామీలో తమిళనాడు తీరాన బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల్లో ట్యూబెక్టమీ అయిపోయినవారు ఉన్నారు. నాళాలు మళ్లీ కలిపే శస్త్రచికిత్సను అక్కడి ప్రభుత్వం వాళ్లకు ఉచితంగా చేయించవలసి వచ్చింది. అది అందరికీ ఫలించే చికిత్స కాదు. ఇంకో సంగతి చూడండి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న ముప్పై ఏళ్ల నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఇప్పుడు పాలకులే ఎక్కువమందిని కనండి అంటున్నారు. ప్రభుత్వం ముప్పై ఏళ్లకు మాట మార్చుకోగలదు. ఆ ముప్పై ఏళ్లలో ఆపరేషన్ చేయించుకున్న ఆడమనిషికి మాత్రం అంత తేలిగ్గా మార్చుకునే వీలు లేదు. తిరిగి తీసేయగల పద్ధతి ఆమె చేతిలో ఉంటే, ఎవరి మాట ఎటు మారినా నిర్ణయం ఆమెదే.

లూప్ అంటే ఎందుకంత భయం?

"లూపు పైకెక్కిపోయి గుండెకాడికి పోద్దటమ్మా." "రగతం ఆగదంట." "పాలింకిపోతాయంట." శ్రీకాకుళంలోనైనా ఖుర్సీపార్‌లోనైనా ఈ మాటలు ఒకటే. వీటిని మూఢనమ్మకాలని తోసేస్తే మనం తల్లులతో మాట్లాడలేం. ఈ భయానికి ఒక చరిత్ర ఉంది.

1965లో కేంద్ర ప్రభుత్వం లిప్పీస్ లూప్‌ను దేశమంతా తెచ్చింది. ప్లాస్టిక్ మెలికల లూప్ అది. కాన్పూరులో తయారుచేయించి, మొదటి రెండేళ్లలోనే లక్షల మందికి వేశారు. వేశాక ఎవరూ తిరిగి చూడలేదు. రక్తస్రావం, నొప్పి అని వచ్చిన వాళ్ల మాట వినే వ్యవస్థ లేదు, ముందుగా చెప్పినవాళ్లూ లేరు. కొన్నేళ్లకే ఆ కార్యక్రమం చతికిలపడింది. ఆ రోజుల్లో లూప్ వేయించుకున్న అమ్మమ్మల అనుభవమే ఇప్పటి మనవరాళ్ల చెవుల్లో ఉంది. వస్తువు మారింది, పేరు మాత్రం మిగిలిపోయింది.

కాబట్టి ఒక్కో భయానికీ ఉన్నదున్నట్టు జవాబు చెప్పాలి. గర్భసంచికీ గుండెకూ మధ్య దారి లేదు. కాపర్-టి అక్కడికి పోదు. చాలా అరుదుగా గర్భసంచి గోడను దాటి పొట్టలోకి వెళ్లవచ్చు, అప్పుడు స్కాన్‌లోనో ఎక్స్‌రేలోనో చూసి తీస్తారు. పాలు తగ్గవు, ఎందుకంటే అందులో హార్మోనే లేదు, రాగి తప్ప. రక్తం సంగతి మాత్రం కొంత నిజమే. కాపర్-టి ఉన్న చాలామందికి మొదటి కొన్ని నెలలు ముట్టు ఎక్కువగా, నొప్పిగా వస్తుంది. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 57 శాతం ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 60.8, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. అలాంటి నేలలో ఈ సంగతి దాచి కాపర్-టి వేయడం తప్పు. చెప్పి, ఐరన్ మాత్రలిచ్చి, తగ్గకపోతే తీసేస్తామని మాటిచ్చి వేయడం వైద్యం. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బు కూడా ఎక్కువ. ఆ జబ్బున్నవారు కాపర్-టి వాడకూడదనేమీ లేదు గాని, హార్మోను ఇంప్లాంట్ లాంటివి వాళ్లకు ఇంకా నప్పుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాంటి తల్లికి ఒకే వస్తువు చూపించి ఇదే తీసుకో అంటే అది ఎంపిక ఎలా అవుతుంది?

ఇంకో నిజం కూడా ఎవరూ చెప్పరు. కాన్పు గదిలో వేసిన కాపర్-టి జారిపోయే అవకాశం మామూలు రోజుల్లో వేసినదానికంటే ఎక్కువ. వందలో పదిమంది దాకా జారిపోవచ్చు. గర్భసంచి కుంచించుకుంటూ యథాస్థితికి వచ్చే ఆ తొలి వారాల్లోనే ఇది ఎక్కువగా జరుగుతుంది. అందుకే ఆరో వారం పరీక్ష తప్పనిసరి. దారాలు కిందికి దిగాయా, కాపర్-టి ఉన్నచోటే ఉందా అని అప్పుడు చూస్తారు. జారిపోయి ఉంటే మళ్లీ వేయించుకోవచ్చు. మిగిలిన తొంభైమందికి అది ఉంటుంది. కాపర్-టి 380ఎ అయితే పదేళ్లు, 375 అయితే ఐదేళ్లు. తీయించుకున్న వెంటనే మళ్లీ కడుపు పండవచ్చు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినవారికీ, జ్వరంతో ఇన్ఫెక్షన్ ఉన్నవారికీ, కాన్పులో రక్తం అదుపు తప్పినవారికీ అప్పుడు వేయకూడదు. ఆ సంగతి నర్సులకు శిక్షణలోనే నేర్పుతారు.

ఇంప్లాంట్ అగ్గిపుల్లంత కడ్డీ. మోచేతి పైభాగంలో చర్మం కిందికి పెడతారు. మూడేళ్లు పనిచేస్తుంది. పాలిచ్చే తల్లికి కాన్పయిన కొద్ది రోజుల్లోనే పెట్టవచ్చు. ఎన్నో దేశాల్లో ఏళ్లుగా వాడుతున్న దీన్ని మన కేంద్ర ప్రభుత్వం 2023లో కొన్ని రాష్ట్రాల్లో ఎంపికచేసిన జిల్లాల్లో మొదలుపెట్టింది. మూడు నెలలకోసారి తీసుకునే అంతర సూదిమందు, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన ఛాయా మాత్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగానే ఇస్తున్నారు. అయితే పాలిచ్చే తల్లికి సూదిమందు ఆరు వారాల తర్వాతే.

బిలాస్‌పూర్ మరిచిపోకూడదు

ఛత్తీస్‌గఢ్‌లో ఏం జరిగిందో చెప్పకుండా ఈ విషయం రాస్తూ 2014 నవంబరును దాటిపోలేం. దుర్గ్ నుంచి రైల్లో కొద్ది గంటల దూరంలో ఉంది బిలాస్‌పూర్ జిల్లా. అక్కడి సక్రీలో, వాడకంలో లేని ఒక ఆస్పత్రి భవనంలో, నవంబరు 8న ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్లకు ట్యూబెక్టమీ చేశారు. రోజుకు ఒక బృందం 30కి మించి చేయకూడదన్నది నిబంధన. ఆ రోజున, 10న జరిగిన శిబిరాల్లో మొత్తం 137 మందికి ఆపరేషన్లు జరిగాయి. 13 మంది చనిపోయారు. చాలామంది చిన్న వయసు తల్లులు, పేద ఇళ్లవాళ్లు. ఇళ్ల దగ్గర పాలు తాగే బిడ్డలున్నవాళ్లూ వారిలో ఉన్నారు.

బిహార్‌లోని అరరియాలో 2012లో ఒక బడి గదుల్లో జరిగిన శిబిరం మీద దేవికా బిశ్వాస్ వేసిన కేసు అప్పటికే సుప్రీంకోర్టులో ఉంది. బిలాస్‌పూర్ మరణాలూ అందులోకి వచ్చాయి. 2016 సెప్టెంబరు 14న జస్టిస్ మదన్ బి. లోకుర్, జస్టిస్ యు.యు. లలిత్‌ల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. మూడేళ్లలో శిబిరాల పద్ధతి మానేయాలంది. ఆ తీర్పులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇంకో ఆదేశం. ఆపరేషన్ గురించిన వివరాలన్నీ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, చెప్పాక ఆలోచించుకోవడానికి గంటసేపైనా వ్యవధి ఇవ్వాలి అన్నది. ఉతైలో హిందీ రాని తెలుగు కోడలికీ, టెక్కలిలో తెలుగు చదవడం రాని భిలాయ్ అమ్మాయికీ ఆ వాక్యం వర్తిస్తుంది.

మన తెలుగు నేల మీద కూడా ఈ గాయం ఉంది. 1985లో అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు పరీక్షకు ఆడవాళ్లను చేర్చుకున్నారు. అది ప్రయోగమనీ, దానివల్ల ఏం రావచ్చుననీ వాళ్లకు సరిగా చెప్పలేదని హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో ఆ పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బయటి దేశాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. గ్రీన్‌లాండ్‌లో 1960లలో, 70లలో డెన్మార్క్ వైద్యులు వేలమంది ఆడవాళ్లకు, బడికెళ్లే ఆడపిల్లలకు కూడా, చాలామందికి తెలియకుండానే లూప్‌లు వేశారు. డెన్మార్క్ ప్రధాని మెట్టె ఫ్రెడెరిక్సన్ 2025లో క్షమాపణ చెప్పారు. యాభై ఏళ్లు పట్టింది.

మరోవైపు, తల్లి అడిగినా ఇవ్వని అన్యాయమూ ఉంది. అమెరికాలో పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా కాన్పుకంతటికీ కలిపి ఒకే మొత్తం చెల్లిస్తుంది. కాన్పు గదిలోనే లూప్ వేస్తే ఆ ఖర్చు ఆస్పత్రి నెత్తిన పడేది. దాంతో తల్లి కోరినా ఆరు వారాల తర్వాత రమ్మనేవాళ్లు. రానివాళ్లు రానట్టే. 2012లో సౌత్ కరోలినా రాష్ట్రం దానికి విడిగా డబ్బు చెల్లించడం మొదలుపెట్టాక ఒక్కో రాష్ట్రమూ అదే బాట పట్టింది. మన దేశంలో వస్తువు ఉచితం. పైగా 2014 నుంచి కాన్పు వెంటనే కాపర్-టి వేసిన సిబ్బందికి 150 రూపాయలు, తల్లిని ఒప్పించి తీసుకొచ్చిన ఆశా కార్యకర్తకు 150 రూపాయలు ఇస్తున్నారు. ఈ డబ్బు ఏర్పాటు మంచి ఉద్దేశంతోనే పెట్టారు, శిక్షణ పొందిన నర్సు శ్రమకు గుర్తింపు కావాలి కూడా. కానీ వేసినందుకు లెక్క ఉండి, వివరించినందుకూ అడగ్గానే తీసినందుకూ లెక్క లేకపోతే పని ఏ దిక్కుకు జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఆరో వారం పరీక్షకూ, తల్లి కోరగానే తీసినందుకూ అంతే డబ్బు, అంతే లెక్క ఉండాలని నా గట్టి అభిప్రాయం. "ఇంకో ఏడాది ఉంచుకో, పాడుచేసుకోకు" అని తిప్పిపంపిన ప్రతి తల్లీ పదిమందికి లూప్ మీద నమ్మకం పోగొడుతుంది. అలా పంపే హక్కు ఎవరికీ లేదు.

ఏడో నెలలో ఒక మాట

నొప్పుల మధ్య అడిగి పుచ్చుకున్న సమ్మతి సమ్మతి కాదు. ప్రభుత్వ మార్గదర్శకాలే ఆ మాట అంటున్నాయి. నొప్పులు ఉధృతంగా ఉన్నప్పుడు మొదటిసారిగా ఈ ప్రస్తావన తేకూడదు, గర్భిణిగా ఉన్నప్పుడే చెప్పి, ఆమె ఒప్పుకుంటే కార్డులో రాసిపెట్టుకోవాలి. కాబట్టి అసలు పని 9వ తేదీ పరీక్ష రోజున, ఏడో నెలలో, ప్రయాణానికి ముందు జరగాలి. అది ఇలా సాగితే ఎంత బాగుంటుందో చూడండి.

"మళ్లీ బిడ్డ ఎప్పుడు కావాలనుకుంటున్నావమ్మా?"

"ఇప్పుడే ఏటి తెలుస్తాది సిస్టరు. ఓ మూడేళ్లు పోనీ అంటారు మా ఆయన."

"నువ్వేమంటావు?"

"నాకూ అదే ఇది. మా అత్త మాత్రం లూపు వొద్దంది."

"అత్తగారూ, మీరూ ఇలా కూర్చోండి. ఇది చేత్తో పట్టుకుని చూడండి. ఇంతే ఉంటుంది. మొదట్లో ముట్టు ఎక్కువ పోవచ్చు, అది ముందే చెబుతున్నా. ఇబ్బందైతే వచ్చి తీయమంటే అప్పుడే తీసేస్తాం, ఎందుకని అడగం. ఇది వద్దంటే మాత్రలున్నాయి, సూదిమందు ఉంది. ఏదీ వద్దంటే అదీ మీ ఇష్టమే. ఇంటికెళ్లి మాట్లాడుకోండి. కాన్పు ఎక్కడ చేయించుకున్నా ఈ కార్డు అక్కడ చూపించు తల్లీ."

ఐదు నిమిషాల మాట ఇది. అత్తగారిని గదిలోంచి బయటికి పంపకుండా కూర్చోబెట్టడం, వస్తువును చేతికివ్వడం, తీస్తామని ముందే చెప్పడం: ఇవి జరిగితే మన ఆడవాళ్ల భయాల్లో చాలావరకు అక్కడే తీరిపోతాయి. అయితే అత్తగారి మాట విన్నాక, కోడలిని ఒంటరిగా ఇంకోసారి అడగాలి. చివరి మాట ఆమెదే కావాలి.

కాపర్-టి వేసినప్పుడు తల్లికి ఇచ్చే చిన్న కార్డులో మూడు సంగతులు ఉండాలి. ఏ రకం, ఏ రోజు వేశారు, ఎప్పటికి తీయాలి. దుర్గ్ జిల్లాలో ఆ కార్డు హిందీలో ఉంటుంది, శ్రీకాకుళం జిల్లాలో తెలుగులో. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే తల్లికి ఆ మూడు ముక్కలూ రెండు భాషల్లో, అంకెలు స్పష్టంగా రాసి ఇవ్వడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు. వైద్యురాలు మారినా, ఊరు మారినా ఆ ముక్క కాగితమే ఆమెకు ఆధారం. కొందరు తల్లులకైతే తమకు కాపర్-టి వేసిన సంగతే తెలియదు, లేదా ఏ ఏడాది వేశారో గుర్తుండదు. ఆ పరిస్థితి రాకూడదు. తెలియకుండా వేసినది ఎంత మంచి వస్తువైనా ఆమె హక్కును కాలరాసినట్టే.

భిలాయ్ తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఉగాదికో సంక్రాంతికో మీరు పెట్టే సభల్లో ఒక గంట ఆడవాళ్లకోసం కేటాయించండి. జిల్లా ఆస్పత్రి నుంచి ఒక డాక్టరమ్మను, బస్తీలోని మితానిన్ దీదీలను పిలవండి. తెలుగులో చెప్పించండి. మగవాళ్లను కూడా కూర్చోబెట్టండి, కోత లేకుండా చేసే వేసెక్టమీ గురించి వాళ్లకూ చెప్పించండి. ఉత్తరాంధ్ర ఆస్పత్రుల్లో పనిచేసే నర్సమ్మలకు ఇంకో విన్నపం. ఛత్తీస్‌గఢ్ కార్డుతో వచ్చిన గర్భిణి చేతిలో హిందీ కాగితం చూసి పక్కన పెట్టకండి, ఏం మాట్లాడుకుని వచ్చావమ్మా అని అడగండి. ఇంట్లో గర్భిణి ఉన్న చదువరులారా, వచ్చే 9వ తేదీన ఆమెతో పాటు మీరూ ఆస్పత్రికి వెళ్లండి. కాన్పయ్యాక ఏయే పద్ధతులు ఇస్తారో, వద్దనుకుంటే ఎవరు తీస్తారో, ఆరో వారం పరీక్ష ఎక్కడో అడిగి కార్డు మీద రాయించుకుని రండి.